ఇరవై టెట్రీల దుప్పటి

టిబిలిసిలో, మా పేటలో, లిఫ్టు ఊరికే ఎక్కనివ్వదు.
ఇరవై టెట్రీల నాణెం మింగితేనే కదులుతుంది.
ముప్పయ్యేళ్ళుగా దాని పొట్ట తెరిచి
చిల్లర తీసేవాణ్ణి నేను.

ఎలిసో వచ్చి గోడ అడిగింది.
ఏ గోడ, అన్నాను.
ఎవరూ చూడని గోడ, అంది.
లిఫ్టు బావి లోపలి గోడ.

అమ్మాయ్, లిఫ్టున్నది మనుషుల్ని మొయ్యడానికి,
సినిమా చూపించడానికి కాదు.
నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు.
తలుపుకి అద్దం బిగించడానికి కొలతలు తీసుకుంది.

నలభై రాత్రులు
కేబిన్ నెత్తిమీద తను, పక్కన దీపం పట్టుకుని నేను.
జానెడు దింపు, అనేది.
జానెడు దింపేవాణ్ణి.
గోడమీద దుప్పటి.
దాని కింద ఇంకో దుప్పటి, అంచు వెంట్రుకవాసి తేడాతో.
దాని కింద మరొకటి.
ఇదేం చాకలిపద్దు తల్లీ, అన్నాను.

అంతకుముందే ఇల్లిల్లూ తిరిగి అడిగిందట,
మీ కిటికీలోంచి ఏం పోయింది, అని.
ఒకరికి చిలక. ఒకరికి పెళ్ళి ఉంగరం.
ఒకాయన, దేశం, అని తలుపేసుకున్నాడు.
తొమ్మిదో అంతస్తు నజీబ్రోలా దుప్పటి చెప్పింది:
కరెంటూ గ్యాసూ లేని ఆ చలికాలం
ఆరేసిన తీగమీంచి పోయింది,
నీలం అంచుది, వాళ్ళమ్మ కుట్టింది.
గాలి కాదు, ఎనిమిదో అంతస్తు ఒతారీ, అని కూడా చెప్పింది.
ఆ మాట చెప్పడం ఆమె ఒక్కరోజూ మానలేదు.

బల్బు రెప్పలు కొట్టుకునేలా తీగలు కలిపింది నేనే.
మొదటి నాణెం వేసిందీ నేనే.
అద్దం అవతల దుప్పటి వణికింది.
ఒక క్లిప్పు ఊడింది. రెండోది.
నాలుగు దాటేసరికి పొట్టనిండా గాలితో పైకి లేచింది.
తొమ్మిది దగ్గర ఒక నీలం మూల,
తర్వాత వట్టి సిమెంటు.
దిగేటప్పుడు అదే దుప్పటి వెనక్కి వెనక్కి నడిచొచ్చి
తీగమీద బుద్ధిగా కూర్చుంది.

పనిలేనివాళ్ళు పైకీ కిందికీ తిరిగారు.
చిల్లర పెట్టె వారానికి రెండుసార్లు నిండింది.
నా మాట నేనే దిగమింగాను.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం కరెంటు పోయింది.
అయిదుకీ ఆరుకీ మధ్య ఆగిపోయిన లిఫ్టులో
రొట్టెల సంచితో నజీబ్రోలా.
ఇంకెవరుంటారు, ఒతారీ.

తొమ్మిది అంతస్తులూ మోకాళ్ళు పట్టుకుని ఎక్కి
మోటారు గదిలో బ్రేకు వదులుచేసి
చేత్తో చక్రం తిప్పడం మొదలుపెట్టాను.
తాళ్ళు దిగే కంతలోంచి సెల్‌ఫోన్ వెలుగు పైకొస్తోంది.
వేలెడు, వేలెడు.
దుప్పటి ఎగరడం లేదప్పుడు.
ఒక్కోటీ గోడమీద తడబడి నిలబడుతోంది.

ఆపు! అని కేక.
ఆపాను.

ఇస్త్రీపెట్టె మచ్చ, అంది ఆమె.
మూలకి చూడు, గోధుమరంగు మచ్చ.
నేనా పిల్లకి మచ్చ సంగతి చెప్పలేదే.

నలభై రాత్రులు పక్కనే నిలబడ్డవాణ్ణి,
నా దీపం మసి అనుకున్నాను దాన్ని.

తాళ్ళు కిర్రుమన్నాయి.
చాలాసేపటికి ఒతారీ గొంతు:
కిటికీ అద్దం పగిలింది. పాపకి దగ్గు.
మేకులు కొట్టాను.
ఎండలొచ్చాక తిరిగిద్దామంటే
నాలుగు మూలలా చిల్లులు.

ఆమె ఏమీ అనలేదు. అన్నా నాకు వినబడలేదు.
రొట్టె విరిచిన చప్పుడు.
కాదేమో, కాగితం సంచి నలిగిందేమో.

చక్రం బరువు నా భుజాల్లోకి దిగుతోంది.
పైకా, కిందికా? కంతలోకి అరిచాను.

ఆమె ఇల్లు పైన. అతనిదీ పైనే.

కిందికి, అంది నజీబ్రోలా.
మెల్లగా.